ఏడో నెల బిడ్డకి రెండు తేదీలు

28వ వారంలోనే కాన్పయిందని అమెరికా నుంచి ఫోన్ చేస్తే అటునుంచి తరచుగా వినిపించే ఓదార్పు ఇది: "ఏడో నెలేగా, పర్వాలేదు. ఎనిమిదో నెలైతేనే భయం." తరాలుగా వస్తున్న నమ్మకమే గానీ శుద్ధ తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ ఊపిరితిత్తులకీ మెదడుకీ పేగులకీ కలిసొచ్చేదే. 33 వారాల బిడ్డ 28 వారాల బిడ్డకంటే గట్టిగా ఉంటుంది. అందుకే ఇంటికి ఫోన్ చేసినప్పుడు నెలలు మానేసి వారాల్లో చెప్పండి. నెలలు నిండని కాన్పుని ప్రీటర్మ్ అంటారు: 32 వారాలు నిండకపోతే వెరీ ప్రీటర్మ్, 28 కూడా నిండకపోతే ఎక్స్‌ట్రీమ్లీ ప్రీటర్మ్.

ఈ బిడ్డకి రెండు తేదీలు: పుట్టిన తేదీ, డ్యూ డేట్ (40 వారాలు నిండి పుట్టాల్సిన తేదీ). ఏ పనికి ఏ తేదీ చూడాలో తెలిస్తే డాక్టరుతోనూ అమ్మమ్మతోనూ సగం వాదనలుండవు.

ముందు నిక్యూ, అంటే పసికందుల ఐసీయూ, సంగతి. కిలో బరువున్న బిడ్డకి మొదట్లో రోజంతా కలిపి 20 మి.లీ. పాలే పట్టవచ్చు. మూడు గంటలకోసారి ట్యూబులో రెండున్నర మి.లీ., అంటే అర టీస్పూను. వీడియో కాల్‌లో చూసి "ఇంతేనా!" అంటారు. ఇంతే. పచ్చి పేగు తట్టుకునే కొద్దీ రోజురోజుకీ పెంచుతూ రోజుకి 150 మి.లీ. దాకా తీసుకెళ్తారు. భయపడాల్సింది నెక్ అనే జబ్బుకి: పేగు గోడ వాచి, ముదిరితే చిల్లుపడుతుంది. దానికి ఉన్నవాటిలో మంచి రక్షణ తల్లిపాలే. కాబట్టి బాలింత రోజుకి ఎనిమిది సార్లైనా, అందులో ఒకసారి రాత్రిపూట, పంపు చేయాలి. రెండు వారాలకి రోజుకి అర లీటరు దాటితే సరఫరా నిలబడినట్టే. పథ్యంలో వెల్లుల్లి కారం ఉంచుకోండి, నీళ్ళు తగ్గించమనే మాట మాత్రం వినకండి. పురుడు పేరుతో తల్లిని గడప దాటనివ్వకపోతే ఇంకా నష్టం. కంగారూ కేర్‌కి, అంటే బిడ్డని ఒంటికి ఒళ్ళు తగిలేలా రొమ్ముమీద పడుకోబెట్టుకోవడానికి, రోజుకి ఎనిమిది గంటలు తగ్గొద్దని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అమ్మ లేని వేళ నాన్న చొక్కా విప్పి కూర్చోవచ్చు.

మానిటర్ మోగితే అంకె కంటే ముందు బిడ్డని చూడండి. నర్సులు చేసేదీ అదే. పాదానికి చుట్టిన ప్రోబ్ జారినా, కాలు తన్నినా ఆక్సిజన్ 70 శాతానికి పడిపోయినట్టు చూపిస్తుంది. రంగు బాగుండి రొమ్ము కదులుతుంటే చాలావరకు తప్పు ప్రోబ్‌దే. ఊపిరి నిజంగానే 20 సెకన్లు ఆగితే అది ఆప్నియా, మందు కెఫీన్. (అవును, మన కాఫీలో ఉండేదే.) డిశ్చార్జికి ముందు అది ఆపి, చాలా ఆసుపత్రులు ఊపిరి ఆగని రోజులు ఐదు నుంచి ఎనిమిది దాకా లెక్కపెడతాయి. మధ్యలో ఒక్కసారి ఊపిరి ఆగినా లెక్క మళ్ళీ మొదటికే. అందుకే డిశ్చార్జి తేదీ విని అమ్మమ్మకి టికెట్ కొనకండి. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు. కాన్పు కాగానే వస్తే అందులో సగం నిక్యూ బయటి కుర్చీలోనే అయిపోతుంది. డ్యూ డేట్ దగ్గరకి రమ్మనండి, బయల్దేరడానికి రెండు వారాల ముందే ఫ్లూ, టీడాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గులకి) టీకాలు వేయించండి. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో బిడ్డ పేరు చేర్చే గడువు మాత్రం సాధారణంగా పుట్టిన తేదీ నుంచి 30 రోజులు. ఐసోలెట్ (బిడ్డని వెచ్చగా ఉంచే గాజుపెట్టె) పక్కన కూర్చుంటే అది గుర్తుండదు.

ఇంటికొచ్చాక ఆక్సిజన్ సిలిండర్ ఉంటే దేవుడి గదిలో దీపం, సాంబ్రాణి రెండూ బంద్. ఒకటి నిప్పు, రెండోది ఊపిరితిత్తులకి పొగ. కాటుకలో సీసం ఉండొచ్చు. తేనె ఏడాది నిండేదాకా నాలిక మీద చుక్కయినా వద్దు, బోటులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) ప్రమాదం. వస కూడా అరగదీసి పోయొద్దు. నలుగుపిండి ఆ పలచటి చర్మానికి గరుకు. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

టీకాలకి పుట్టిన తేదీయే. ఇంకా నిక్యూలోనే ఉన్నా రెండో నెల టీకాలు రెండో నెలలోనే. రోటావైరస్ (విరేచనాల) టీకా దగ్గర జాగ్రత్త: మొదటి డోసు 14 వారాల 6 రోజులు దాటితే వేయరు, చాలా ఆసుపత్రులు డిశ్చార్జి దాకా వేయవు. 28 వారాల బిడ్డ డ్యూ డేట్‌కి ఇల్లు చేరితే మిగిలేది మూడు వారాల లోపే.

అన్నప్రాశనకి డ్యూ డేట్ చూడాలి. క్యాలెండర్లో ఆరు నెలలు నిండినా డ్యూ డేట్ లెక్కన ఈ బిడ్డ వయసు మూడు నెలలే, మెడ పూర్తిగా నిలవదు. మన ఆచారంలోనే దీనికి వెసులుబాటుంది: మగపిల్లాడికి సరి నెల, ఆడపిల్లకి బేసి నెల అంటారు గనక ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ముహూర్తం పెట్టించండి. ఆనించి కూర్చోబెడితే తల నిలవాలి, చెంచాని నాలికతో బయటికి నెట్టకూడదు. అప్పుడు పరమాన్నం.

బోర్లాపడటం, నడక, మాటలు కూడా రెండేళ్ళ దాకా డ్యూ డేట్ లెక్కే. మాటల పరీక్షకి వెళ్ళేముందు బిడ్డ అనే తెలుగు మాటలన్నీ రాసి పట్టుకెళ్ళండి. "బువ్వ", "జోజో", "తాత" ఆ పరీక్ష చేసేవాళ్ళకి శబ్దాల్లా వినిపించవచ్చు. రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టమని అడగండి, దుబాసీ కావాలంటే ఆసుపత్రి ఉచితంగా ఇవ్వాలి. "నెలలు నిండకుండా పుట్టాడు కదా, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అనే సలహాకి ఆధారం లేదు. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు.

ఎదుగుదలలో వెనకబడే మూడేళ్ళలోపు పిల్లలకి సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి డాక్టర్ చీటీ అక్కర్లేదు, ఇంట్లోంచి మీరే ఫోన్ చేయవచ్చు, పరీక్షకి డబ్బు తీసుకోరు. ఫోన్ చేసిన 45 రోజుల్లో ప్లాన్ మీటింగ్ పెట్టాలి. ఇది మూడో పుట్టినరోజుతో ముగుస్తుంది, ఆ పుట్టినరోజు అసలుదే, డ్యూ డేట్‌ది కాదు. ఇంటికి తెచ్చిన వారంలోనే ఫోన్ చేయండి.