ఉన్ని తివాచీకి పట్టిన వాసన వదిలించిన వైనం

మా హాల్లో పరిచిన ఏలూరు ఉన్ని తివాచీకి ఇప్పుడు ఏ వాసనా లేదు. తాజాదనం అంటే నా లెక్కలో అదే. డబ్బా మీద లావెండర్ పువ్వు బొమ్మ చూసి ద్రావణం కొనకండి.

దుమ్ము సంగతి సులువు. తివాచీ తిరగేసి ముందు వెనకవైపు వాక్యూమ్ పట్టాను, రాలిన ఇసుక ఊడ్చి తర్వాత ముందువైపు. తడిపిన తెల్లగుడ్డను ఒక మూల పది నిమిషాలు అదిమి చూశాను, రంగు దిగలేదు.

ఏడిపించిందల్లా పిల్లాడు తడిపిన చోటు. క్లీనింగ్ సర్వీసు కుర్రాళ్ళు వచ్చి నురగ షాంపూ పోసి, బ్రష్‌తో రుద్ది, పైన సెంటు కొట్టి వెళ్ళారు. ఆ షాంపూ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎంత బాబూ అని అడిగితే "ఇంపోర్టెడ్ మేడమ్" అన్నారు. డబ్బు తీసుకుని చేసే పనికి అది సమాధానమా? ముసురు పట్టగానే పాత కంపు లేచింది, దానికి సెంటు తోడై తలనొప్పి.

కారణం ఇది. మూత్రం ఎండాక యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా పోగుల అడుగున ఉండిపోతుంది, ఉత్త నీళ్ళకు సరిగా కరగదు. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా అక్కడి లవణాలు తేమ పీల్చి మళ్ళీ కంపు కొడతాయి. సెంటు దాన్ని కాసేపు కప్పుతుంది, అంతే.

దీనికి ఆ మురికిని విడగొట్టే ఎంజైమ్ ద్రావణమే మందు. కానీ ఉన్ని కూడా ప్రోటీనే, ప్రోటియేజ్ (ప్రోటీన్‌ను తినే ఎంజైమ్) ఉన్న ద్రావణం పోగునే తినేస్తుంది. నైలాన్, పాలిప్రొపిలీన్ తివాచీలకు ఆ బెంగ లేదు. ఉన్నికైతే "ఉన్నికి వాడవచ్చు" అని లేబుల్ మీద స్పష్టంగా ఉండాలి, పీహెచ్ 5 నుంచి 8 లోపు ఉండాలి. సేఫ్టీ డేటా షీట్ (ద్రావణంలో ఏముందో, దాని ప్రమాదాలేమిటో చెప్పే కాగితం) అడిగితే నీళ్ళు నమిలే దుకాణంలో కొనొద్దు. బ్లీచ్ జోలికి అసలు పోవద్దు: ఉన్నిని కరిగిస్తుంది, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుంది.

షాంపూ, ఫినాయిల్ లాంటివి ముందే పడి ఉంటే నీళ్ళతో తీసేయాలి, లేకపోతే ఎంజైమ్ సరిగా పనిచేయదు. మూత్రం పైన కనిపించే మరక కన్నా అడుగున వెడల్పుగా పాకుతుంది కాబట్టి చుట్టూ జానెడు ఎక్కువ మేర, అడుగుదాకా తడిసేలా ఎంజైమ్ ద్రావణం పోశాను. ఎంజైమ్ తడి ఉన్నంతసేపే పనిచేస్తుంది, అందుకే పైన ప్లాస్టిక్ షీటు కప్పి లేబుల్ చెప్పినంతసేపు వదిలేశాను. మరిగే నీళ్ళు పోస్తే ఎంజైమ్ చస్తుంది, గోరువెచ్చన చాలు.

తర్వాత వెట్ వాక్యూమ్‌తో (తడిని పీల్చే వాక్యూమ్) లాగి, లీటరు నీళ్ళకు 50 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి జాడించి, మళ్ళీ లాగాను. సబ్బు జిగురు మిగిలితే వారంలో అక్కడే నల్లగా మట్టి పడుతుంది. వెనిగర్‌లో వంటసోడా కలపమనే చిట్కా వినకండి, పొంగు తప్ప పని ఉండదు, ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

ఆరబెట్టడం 24 గంటల్లో అయిపోవాలి. అడుగున పత్తి పడుగు తడిగా ఉండిపోతే బూజు పడుతుంది, గోధుమరంగు మరకలు కుచ్చు పైకి ఎక్కుతాయి. నవారు మంచం మీద నీడలో పరిచి, కింద టేబుల్ ఫ్యాన్ పెట్టాను. తడి ఉన్నికి సొంత వాసన ఒకటుంటుంది, ఆరితే పోతుంది, కంగారుపడి సెంటు కొట్టొద్దు.

సర్వీసు వాళ్ళను పిలిచేవారు సగం డబ్బు తివాచీ ఆరి, ముక్కు ఆనించి చూసుకున్నాకే ఇస్తామని ముందే మాట్లాడుకోండి.