బండి పట్టుకెళ్లారు, జాబితా ఇవ్వలేదు

స్వేచ్ఛా మార్కెట్ అనగానే పెద్ద కంపెనీల లైసెన్సులే గుర్తొస్తాయి చాలామందికి. నాకు మాత్రం ఈ సాయంత్రం చూసిన కూరగాయల బండే కళ్లలో మెదులుతోంది. మున్సిపాలిటీ వాళ్లు దాన్ని తక్కెడతో, టమాటా బుట్టలతో సహా లారీలోకి ఎక్కించారు. “కాగితమైనా ఇవ్వండి బాబూ” అని ఆ బండి మీద అమ్ముకునే అమ్మ అడిగితే పలికినవాళ్లు లేరు. ఒళ్లు మండిపోయింది.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం స్వాధీనం చేసుకున్న సరుకుల జాబితా ఆమె చేతికివ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే విడిచిపెట్టాలి. నడిచేవారికీ దారి కావాలి, కాదనను. అందుకే ఎక్కడ అమ్మాలో తేల్చడానికి పట్టణ వెండింగ్ కమిటీలు పెట్టమన్నారు. వాటిలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఇష్టమైన వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. మీ ఊళ్లో ఆ కమిటీ ఉందా? కనుక్కుని చెప్పండి.