నాకు ఆటంకమేమి?

బైబిల్లో అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఒక ప్రయాణికుడి కథ ఉంది. ఆయన ఐతియొపీయుల రాణి కందాకే ధనాగారాన్ని చూసుకునే పెద్ద అధికారి, నపుంసకుడు. ఆరాధన చేద్దామని యెరూషలేము దాకా వచ్చి, తిరిగి ఇంటికి పోతూ రథంలో కూర్చుని యెషయా గ్రంథం పైకి చదువుకుంటున్నాడు. ఫిలిప్పు అనే విశ్వాసి పరుగెత్తుకుంటూ వచ్చి, చదివేది అర్థమవుతోందా అని అడుగుతాడు. ఎవరూ దారి చూపకపోతే ఎట్లా అర్థమవుతుంది, ఎక్కి కూర్చో అంటాడు ఆయన. అలా మాట్లాడుకుంటూ కొంత దూరం పోయాక దారి పక్కన నీళ్లు కనబడతాయి. “ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి” అని అడిగి రథం ఆపిస్తాడు.

ఊరికే అడిగిన ప్రశ్న కాదిది. ధర్మశాస్త్రం ప్రకారం నపుంసకుడికి యెహోవా సమాజంలో చోటు లేదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం మొదట్లోనే ఆ మాట ఉంది. రాణిగారి ఖజానా చేతిలో ఉన్నా, యెరూషలేము దేవాలయంలో ఆయన ఎంత లోపలికి పోగలిగాడో ఈ కథ రాసిన లూకా చెప్పలేదు. ‘నీకు ఇక్కడివరకే’ అని వినీ వినీ అలసినవాడు అడిగే ప్రశ్న అది. చిత్రమేమిటంటే, ఆయన చేతిలో ఉన్న ఆ గ్రంథపు చుట్టలోనే జవాబు కూడా ఉంది. ఆయన చదువుతున్నది గొర్రెలా వధకు తేబడినవాని గురించి, 53వ అధ్యాయం. ఇంకొంచెం విప్పితే 56 వస్తుంది. నా నిబంధన పట్టుకున్న నపుంసకులకు నా ఇంట్లో కొడుకులు, కూతుళ్లు అనిపించుకోవడం కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానని దేవుడు అక్కడ మాటిస్తాడు. ఫిలిప్పు ఆ చోటు కూడా చూపించే ఉంటాడు. లేఖనంలో అట్లా రాసి లేదు, నేను అనుకుంటున్నానంతే.

నేను క్రీస్తును నమ్మింది ముప్పై దాటాక, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక. అదేమీ పెద్ద కథ కాదు. పనిచేసే చోట పక్క సీటు అక్క ఒక చిన్న కొత్త నిబంధన ఇచ్చింది. లూకా సువార్త మొదలుపెట్టాను, ఆపలేకపోయాను. స్వస్థత లేదు, కల లేదు, దర్శనం లేదు. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా ఇదొక ఇబ్బంది, మిగతావాళ్ల సాక్ష్యాల ముందు నాది తేలిపోతుంది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని నమ్మడం తేలికే. చర్చి మెట్లు ఎక్కాలన్నప్పుడే అసలు టెన్షన్ మొదలైంది.

ఎందుకో మా నల్లగొండ, పాలమూరు వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండలో పని మొదలుపెట్టినవాళ్లు రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు. ఆ తర్వాత మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు విస్తరించింది. బళ్లు వచ్చాయి, జడ్చర్లలో ఆస్పత్రి వచ్చింది. వీళ్ల మాట ముందుగా చెవిన పెట్టింది మాల, మాదిగ వాడలు. అందుకే మా ఊళ్లలో చర్చి అంటే వాడలో ఉండేదే. మా అమ్మగారి ఊరు దేవరకొండ వైపు. చిన్నప్పుడు క్రిస్మస్ నెలలో ఆ నక్షత్రం లైటు మా అరుగు మీదికి కనబడేది. దాని కిందికి మాత్రం మా ఇంటివాళ్లెవరూ పోయి ఎరుగరు.

నేను చర్చికి పోతున్నానని తెలిసిన రోజు అమ్మ యేసును ఒక్క మాట అనలేదు. “ఏసు ఫొటో పెట్టుకో, మొక్కుకో, ఎవలొద్దన్నరు?” అంది. చెర్వుగట్టు జాతర తప్పని మనిషి, జాన్‌పహాడ్ దర్గాకు పోయి కందూరు మొక్కు కూడా చేసొచ్చింది. ఆమెకు దేవుళ్లతో పేచీ ఏముంది? అసలు మాట తర్వాత వచ్చింది. “ఆళ్ల కాడికి పోయి కూసుంటవా? ఆళ్ల చేతి అన్నం తింటవానే?”

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి, తొలి సంఘంలో పుట్టిన గొడవా అన్నం దగ్గరే. రోజూ జరిగే వడ్డనలో మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే విశ్వాసులు సణిగారు. అది సర్దడానికి ఎన్నుకున్న ఏడుగురిలో ఒకడు ఈ ఫిలిప్పు. ఈయన అపొస్తలుడు కాదు, వడ్డన చూసుకోమని నియమించిన మనిషి. ఎవరికి పెట్టారు, ఎవరిని వదిలేశారు అన్నది రోజూ కళ్లారా చూసినవాణ్నే దేవుడు ఆ అరణ్యమార్గానికి పంపాడు.

కథలో బయట నిలబడ్డవాడు లోపలివాళ్లను అడిగాడు, ఆటంకమేమని. నా సంగతి తలకిందులు. ఆటంకాలు పెట్టింది మావాళ్లు. బావి దగ్గర దూరంగా నిలబడమన్నది, హోటల్లో చాయ్‌కి వేరే గ్లాసు పెట్టింది ఊరివాళ్లే, అంటే మేమే. ఆ వాడ మనుషులు కట్టుకున్న గుడి ముందు నిలబడి ఇప్పుడు నేను అడగాలి, నాకు ఆటంకమేమని. వాళ్లు పెద్ద చిట్టా చదివినా కాదనే ముఖం నాకు లేదు. సంఘ పెద్ద ఒకాయన పిలిచి మాట్లాడతాడని తెలిసి, ఏమడిగితే ఏం చెప్పాలో రాత్రంతా జవాబులు కట్టుకున్నాను. ఆయన అడిగింది ఇదీ: “మంగళవారం ఇంటి ప్రార్థన మా ఇంట్ల పెట్టినం, వస్తవా బిడ్డా?”

పోయాను. చాప మీద ఇరుకిరుకుగా కూర్చున్నాం. ఆయన భార్యను అందరూ పెద్దమ్మ అంటారు. కీర్తనల పుస్తకం నా ఒళ్లో తెరిచి పెట్టి, పాట అయ్యేదాకా వేలితో లైను లైనూ చూపిస్తూ పోయింది. రాగం రాక నేను ఆగితే వేలు కూడా ఆగేది. ప్రార్థన అయ్యాక ఉప్మా, చాయ్. అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసులు. దాన్ని గమనించింది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఎనిమిదో అధ్యాయంలో 36వ వచనానికీ 38కీ మధ్య, తొలినాటి రాతప్రతుల్లో ఏమీ లేదు. 37వ వచనం తర్వాతి ప్రతుల్లో చేరింది, అందులో విశ్వాసపు ఒప్పుకోలు ఉంటుంది. మంచి మాటే. కానీ పాత ప్రతుల ప్రకారం చదివితే ప్రశ్నకు ఫిలిప్పు జవాబే చెప్పడు. రథం ఆగుతుంది, ఇద్దరూ నీళ్లలోకి దిగుతారు. నాకు అట్లా చదవడమే ఇష్టం.

సంఘంలో ఆటంకాలే లేవని అననులెండి. నా ముఖం కంటే నా బొట్టునే ఎక్కువ చూసిన సిస్టర్లు ఉన్నారు. పాస్టరమ్మ ఒక ఆదివారం వాళ్లను పక్కకు పిలిచి, “ఆ సంగతి ఆమెకు, దేవునికి మధ్యల. మీరు కుర్చీలు సర్దుండ్రి” అంది. ఇంకో రకం ఆటంకం కూడా ఉంది, అది నాకు తగలనిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితులు క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది, మన దగ్గర వాళ్లను వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి కింద లెక్కిస్తారు. వాడలో పిల్లలు బాప్తిస్మం ముందు సర్టిఫికెట్ గురించి దిగులుపడితే, వాళ్లకు విశ్వాసం తక్కువని వేదిక మీంచి అనడం నాకు నచ్చదు. నేను నీళ్లలోకి దిగినందుకు నా పిల్లల సీటు, ఉద్యోగం ఏదీ పోలేదు. వాళ్లకు పోతుంది.

నీళ్ల మాటకొస్తే, మాది ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం. వేదిక మీద చెక్కలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. ఫ్లోరైడు నీళ్లతో తరాలు గడిపిన జిల్లా మాది, ఎండాకాలం బోర్ల సంగతి తెలిసిందే. నా బాప్తిస్మం నాటికి చర్చి బోరు ఎత్తిపోయింది. తెల్లచీరలకు పిన్నులు పెట్టుకుని మేము కూర్చుంటే, ట్యాంకర్ రాలేదు. పాట మీద పాట పాడారు. “ఆయనకు దారి పక్కనే నీళ్లు దొరికినయి, మనకు ట్యాంకరోడు ఫోనెత్తుతలేడు” అని మా పాస్టరు అయ్యగారు అనేసరికి అందరూ నవ్వారు. ఆఖరికి ఆ సందులోకి ట్యాంకర్‌ను “రానీ, రానీ” అంటూ వెనక్కి తీయించింది మా ఆయన. ఆయన చర్చిలోకి రాడు. ప్రతి ఆదివారం నన్ను బండి మీద దింపి, ఎదురుగా చాయ్ హోటల్లో పేపర్ చదువుతూ కూర్చుంటాడు.

అమ్మ రెండో క్రిస్మస్‌కు వచ్చింది, మనవరాలి డ్యాన్స్ చూడ్డానికని చెప్పి. బంతిలో కూర్చుంది. పెద్దమ్మ వడ్డిస్తే తింది, పప్పు రెండోసారి వేయించుకుంది. ఇంటికొచ్చాక అన్నది ఒక్కటే: “మీ అయ్యగారు మంచిగనే చెప్తడు గని, పాటలే శాన పొడుగు.”

ఫిలిప్పు కథ ఆ దారితో అయిపోలేదు. ఆయన అసలు యెరూషలేము ఎందుకు విడిచాడు? సౌలు ఇంటింటా చొరబడి విశ్వాసులను ఈడ్చుకుపోతుంటే అపొస్తలులు తప్ప సంఘమంతా చెదిరిపోయింది, ఆ చెదిరినవాళ్లలో ఆయనొకడు. ఏళ్లు గడిచాక 21వ అధ్యాయంలో అదే సౌలు, పౌలుగా, కైసరయలో ఫిలిప్పు ఇంటికి అతిథిగా వస్తాడు. లూకా అక్కడ ‘మేము’ అని రాశాడు, అంటే ఆయనా ఆ ఇంట్లోనే ఉన్నాడు. రథం కథ లూకా అక్కడే విని ఉండొచ్చు. చెప్తున్న ఫిలిప్పు, పక్కన పౌలు, వడ్డించడానికి ఆ ఇంటి నలుగురు కూతుళ్లు. ఈ కథలో నన్ను మొదట్లో రథంలో మనిషితో పోల్చుకునేదాన్ని. ఇప్పుడు నా పోలిక ఎక్కువగా కనబడేది ఫిలిప్పు గడప తొక్కిన ఆ అతిథిలో. చాలా రోజులే ఉన్నాడట అక్కడ.