ఎవరూ ఇల్లు మారకుండానే పెరిగిన జనసాంద్రత

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. గత ఆదివారం మధురవాడలోని వాళ్లింటికి వెళ్లేసరికి, సాంఘికశాస్త్రం ప్రాజెక్టు కోసం విశాఖపట్నం జిల్లా పటం గీసి, దానికి ఏ రంగు వేయాలో తేల్చుకోలేక కూర్చుని ఉంది. ఇంట్లోని పాత అట్లాసులో జనసాంద్రత పటం తీస్తే మన జిల్లా లేత నారింజ రంగులో ఉంది. ఫోనులో దొరికిన కొత్త పటంలో ముదురు ఎరుపులో ఉంది. "పిన్నీ, రెండింటి కిందా 2011 జనాభా లెక్కలనే రాశారు. మరి రంగులు వేరెందుకయ్యాయి?" అని అడిగింది.

నిజానికి ఇది మంచి ప్రశ్న. జనసాంద్రత అంటే జనాభాను విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే సంఖ్య అని పుస్తకంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తారు గానీ, ఆ విస్తీర్ణం ఏ గీతల మధ్యదో చూసుకోవాలని పిల్లలకు ఎవరూ గట్టిగా చెప్పరు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి విశాఖపట్నం జిల్లా జనాభా 42,90,589, విస్తీర్ణం 11,161 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు 384 మంది వస్తారు. అదే లెక్కల్లో దేశ సగటు 382 కాబట్టి, మన జిల్లా భారతదేశానికి అచ్చు నమూనాలా కనిపించేది. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది. విశాఖపట్నం పేరు నిలుపుకున్న ముక్క సుమారు 1,048 చదరపు కిలోమీటర్లే, అందులోని జనం మాత్రం దాదాపు 19.6 లక్షలు. ఇప్పుడు భాగిస్తే చదరపు కిలోమీటరుకు 1,870 మంది. ముందు రోజు రాత్రి పడుకున్నవాళ్లు మర్నాడు అదే మంచం మీద లేచారు, అయినా వాళ్ల జిల్లా జనసాంద్రత దాదాపు అయిదు రెట్లయింది.

రంగులు పక్కన పెట్టి చుక్కలతో గీద్దామన్నాను. పాత జిల్లా హద్దులతోనే మళ్లీ మొదలుపెట్టి, ఒక సెంటీమీటరుకు పది కిలోమీటర్ల స్కేలు తీసుకున్నాం. తీరాన్ని నిలువు గీతలా గీయబోతుంటే ఆపాను. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది, బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా నిలబడితే మనం చూసేది ఆగ్నేయం వైపు. (నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న మా బావగారు ఇప్పటికీ ఒప్పుకోరు, సముద్రం అంటే తూర్పేనంటారు.)

పది వేల మందికి ఒక చుక్క అనుకుంటే పాత జిల్లా మొత్తానికి 429 చుక్కలు కావాలి. వాటిలో 196 ఇప్పటి విశాఖపట్నం జిల్లాకు, 173 అనకాపల్లికి పోగా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసిన పాడేరు, అరకు ఏజెన్సీకి మిగిలినవి అరవై. ఏజెన్సీ భాగం మా కాగితం మీద దాదాపు 58 చదరపు సెంటీమీటర్లు వచ్చింది, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక చుక్క. పటంలో సగానికి పైగా స్థలం దానిదే, జనంలో మాత్రం ఏడో వంతే. కొండవాలుల మీద చదునైన నేల తక్కువగా ఉండి, కొన్ని ఇళ్ల చొప్పున ఊళ్లు దూరదూరంగా విసిరేసినట్లు ఉండే మన్యానికి, 1933లో ఓడరేవు మొదలైనప్పటి నుంచి పని వెతుక్కుంటూ వచ్చే జనాన్ని చేర్చుకుంటున్న నగరానికి కలిపి తీసిన సగటే ఆ 384. చదరపు కిలోమీటరుకు సరిగ్గా 384 మంది ఉన్న చోటు కోసం వెతికితే ఆ జిల్లాలో ఎక్కడో కొన్ని మండలాల్లో తగిలేదేమో గానీ, అటు చింతపల్లిలోనూ ఇటు గాజువాకలోనూ కనిపించేది కాదు.

విశాఖపట్నం ముక్కకు వచ్చేసరికి ఇబ్బంది ఎదురైంది. పది చదరపు సెంటీమీటర్లలో 196 చుక్కలు పెట్టాలి, అందులోనూ కంబాలకొండ అభయారణ్యాన్ని ఖాళీగా వదలాలి. స్కెచ్ పెన్నుతో పెట్టిన చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పాతనగరం దగ్గర ఎర్రటి మరక తేలింది, కాగితం వెనకకు కూడా ఇంకింది. అది చూసి పిల్ల నొచ్చుకుంది గానీ, నాకైతే ఆ మరకే పటంలో అన్నిటికన్నా నిజమైన భాగం అనిపించింది. 1,870 కూడా సగటేననీ, అడవిలోని సున్నానూ జగదాంబ చుట్టుపక్కల కిక్కిరిసిన వీధులనూ అది ఒకే సంఖ్యలో ముడివేస్తోందనీ వేరే చెప్పనక్కరలేకపోయింది.

చివరికి మధురవాడలో తమ అపార్టుమెంటు ఉన్న చోట ఒక చుక్క ఎక్కువ పెడతానంది. ఆ భవనం కట్టి ఆరేళ్లే అయింది, 2011లో అక్కడ ఖాళీ స్థలం ఉండేది, కాబట్టి మన లెక్కలో దానికి చోటు లేదన్నాను. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారని కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, ఎర్ర పెన్ను మూత పెట్టేసి, ఆ చుక్కను పెన్సిలుతో పెట్టింది.