పడవలో ముగ్గురు, పని మాత్రం ఇంటిల్లిపాదికీ

ఇంగ్లండ్ తూర్పు తీరాన, యార్క్‌షైర్‌లో విట్‌బీకి ఉత్తరంగా స్టెయిత్స్ అనే జాలరిపల్లె ఉంది. రెండు కొండల నడుమ ఇరుకు లోయ, అందులో ఒక వాగు, ఆ వాగు సముద్రంలో కలిసేచోట ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కినట్టు ఇళ్లు. తర్వాత సముద్రయాత్రలతో పేరుపడ్డ కెప్టెన్ కుక్ కుర్రతనంలో, 1745లో, ఇక్కడి దుకాణంలో పనికి కుదిరాడు. వచ్చినవాళ్లంతా ఆ సంగతి విని ఫొటోలు దిగి పోతుంటారు. అసలు దుకాణం ఏనాడో సముద్రం పాలైంది. ఈ ఊరి గురించి చెప్పాలంటే కుక్ కంటే ముందు చెప్పాల్సింది గాలాల తాడు గురించి. నూరేళ్ల కిందట ఇక్కడ పెరిగిన పిల్లల పొద్దులన్నీ దాని చుట్టూనే గడిచాయి.

చలికాలం వేట కాడ్, హాడక్ చేపలకి. పొడుగాటి తల్లితాడు, దానికి బారకో రెండు బారలకో ఒకటి చొప్పున సన్నటి పిల్లతాళ్లు, ప్రతి పిల్లతాడు కొసనా ఒక గాలం. ఒక్క తాడుకే వందల గాలాలు. ముగ్గురు మనుషుల తాళ్లూ కలిస్తే పడవకి వెయ్యి గాలాలు దాటడం మామూలే. వేటకి వెళ్లే ప్రతిసారీ ఆ వెయ్యింటికీ చేత్తో ఎర గుచ్చాలి. ఆ పని చేసేది పడవెక్కేవాళ్లు కాదు, ఇంట్లో ఉన్న ఆడవాళ్లూ పిల్లలూ. పెళ్లాం పిల్లల సాయం లేని జాలరికి చలికాలంలో తిండి గడవడం కష్టమే.

మొదట ఎర సంపాదించాలి. తీరంలోని రాతిపలకల మీద లింపెట్లు అతుక్కుని ఉంటాయి, చిన్న శంకువు ఆకారంలో, ఒంటిచిప్పతో. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా వెనక్కి పోతాయి కాబట్టి అప్పుడు ఎక్కువ రాయి బయటపడుతుంది. ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని ఆ కాస్త వ్యవధిలోనే ఏరాలి. కొట్టడంలో ఒక కిటుకుంది: పక్కనుంచి, ఒకే దెబ్బ, చప్పుడు చేయకుండా వెళ్లి. మొదటి దెబ్బ గురి తప్పితే లింపెట్ బిగదీసుకుంటుంది, ఇక చిప్ప పగలాల్సిందే తప్ప ఊడదు. చిప్ప పగిలితే లోపలి కండ నలుగుతుంది. నలిగిన కండ గాలానికి నిలవదు. దగ్గరి రాళ్ల మీద ఏరగా ఏరగా అయిపోయాక మైళ్ల కొద్దీ నడిచి వేరే తీరాలకి పోయేవాళ్లు. తిరుగు ప్రయాణంలో నెత్తిన తడిబుట్ట. ఇక్కడి ఆడవాళ్ల కుచ్చుల నూలు టోపీని ఇవాళ యాత్రికుల దుకాణాల్లో ముచ్చటగా అమ్ముతారు గానీ, అది బరువులు మోసే నెత్తికీ, నీళ్లు కారే మెడకీ పుట్టిన వస్తువు.

1883లో రైలు వచ్చింది. దాంతో లింపెట్లకి బదులు ఎరకి పనికొచ్చే ఆల్చిప్పలు (మసెల్స్) బస్తాల్లో దిగడం సులువైంది. నడక తగ్గింది, పని తగ్గలేదు. ఆల్చిప్పలు బతికుండాలి కాబట్టి బస్తా విప్పగానే ఉప్పునీటి మడుగులో వేయాలి. నోరు తెరుచుకుని, తట్టినా మూసుకోనిది చచ్చినట్టు లెక్క, దాన్ని పారేయాల్సిందే. మెత్తబడిన కండ గాలం నీళ్లలో పడీ పడగానే జారిపోతుంది. అంటే ఆ గాలం ఖాళీగా దిగి ఖాళీగానే వస్తుంది.

చిప్ప వలవడం పిల్లలు మొదట నేర్చుకునే పని. పొట్టి కత్తి, మొనలేనిది. రెండు చిప్పల సందులో దాన్ని దూర్చి, చిప్పలని మూసి ఉంచే కండరాన్ని తెంపి, చిప్ప అంచు వెంబడే తిప్పి మాంసం మొత్తాన్ని ఒకే ముద్దగా తీయాలి. ఉడకబెడితే తేలిగ్గా తెరుచుకుంటాయి కదా అనిపిస్తుంది, కానీ కావలసింది పచ్చి మాంసమే. గాలాన్ని మెత్తటి భాగంలో గుచ్చి ఊరుకోకూడదు. గట్టిగా నాలుకలా ఉండే భాగంలోంచి కూడా పోనిస్తేనే ఎర ఆగుతుంది. చిప్ప చిన్నదైతే గాలానికి రెండు. జనవరి చలిలో, చన్నీళ్లలో, వేళ్లు పగిలి ఉప్పు మండుతుంటే ఈ పని. 1880లో బడి తప్పనిసరి అయ్యాక కూడా జాలరి ఇళ్లలో చిప్పలు వలవడం ఆగలేదు. బడికి ముందు కొంత, బడి అయ్యాక మిగతాది.

ఎర గుచ్చడం కన్నా తాడు చుట్టడం కష్టం. వెడల్పాటి అల్లిక తట్టలో ఒక వైపు తల్లితాడు చుట్లు చుట్లుగా, ఇంకో వైపు ఎర గుచ్చిన గాలాలు వరసగా. ఒక వరస నిండగానే పైన పచ్చగడ్డి పరకలు పరిచి, దాని మీద తర్వాతి వరస. గడ్డి లేకపోతే పై గాలం కింది తాడుని పట్టుకుంటుంది. సముద్రంలో తాడు వదిలేటప్పుడు పడవ నడుస్తూనే ఉంటుంది, ఆగి చిక్కు తీసుకునే వీలుండదు. ఒక్క గాలం తప్పు చుట్టులో ఇరుక్కుంటే పది గాలాలు గుత్తిగా లేస్తాయి. గుత్తి నీళ్లలో పడితే నష్టం చేపల్లో, చేతికి తగిలితే నష్టం వేళ్లలో. అందుకే చుట్టే పని అనుభవం ఉన్న చేతికే ఇచ్చేవాళ్లు, పిల్లలకి కాదు.

అన్నిటికన్నా చేదు సంగతి గాలివాన. తట్టలు సిద్ధమయ్యాక సముద్రం తిరగబడితే పడవ దిగదు. గుచ్చిన ఎర నిలవుండదు. వెయ్యి గాలాల నుంచీ ఊడబీకి, తాడు శుభ్రం చేసి, మళ్లీ మొదటినుంచి గుచ్చాలి. ఎర డబ్బు పోయినట్టే, కూలి అనే మాటే లేదు.

నూలు తాళ్లు, వలలు, తెరచాపలు తడిసి ఆరి తడిసి కుళ్లిపోతాయి. దానికి ఇంగ్లండ్ తీరమంతటా వాడిన మందు కాచు, మనం కిళ్లీలో వేసుకునేదే. సండ్ర చెక్కని ఉడికించి తీసిన ఆ ముద్దలు ఎక్కువగా బర్మా నుంచి ఓడల్లో వెళ్లేవి. పెద్ద డేగిశాలో నీళ్లు మరిగించి కాచు కరిగించి, వేడిగా ఉండగానే వల ముంచి నానబెట్టి ఎండేస్తారు. అందులోని వగరు పదార్థం నూలుని కుళ్లనివ్వదు. ఒకసారితో సరిపోదు, సముద్రపు నీరు కడిగేస్తుంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ పట్టించాలి. పాత చిత్రాల్లో ఇంగ్లిష్ తెరచాపలకి కనబడే ఆ ముదురు ఎరుపు మన సండ్ర రంగే.

స్వెట్టరూ పనిముట్టే. ముదురు నీలం గట్టి ఉన్ని, ఐదు ఉక్కు సూదులు, కుట్టు లేకుండా గుండ్రంగా అల్లిక. చేతులని భుజం నుంచి మణికట్టు వైపుకి అల్లుతారు, అరిగిన కొస వరకే విప్పి మళ్లీ అల్లుకోవడానికి. మణికట్టుకి పైనే ఆపుతారు, తడి ఉన్ని ఒరుసుకుని పుండు కాకుండా. మునిగినవాళ్లని అల్లిక డిజైన్‌ని బట్టి గుర్తుపట్టేవాళ్లన్న కథ మాత్రం నేను పెద్దగా నమ్మను. డిజైన్లు ఊరు దాటి ఊరు తిరిగేవి. కొందరు అల్లుకున్న పొడి అక్షరాలు అంతకన్నా నమ్మకమైన గుర్తు.

ఇక పడవ. కోబుల్ అంటారు. ముందుభాగం ఎత్తుగా, నీటిలోకి లోతుగా, వెనక బల్లపరుపుగా. ఒడ్డుకి వచ్చేటప్పుడు తిప్పి, ముక్కు కెరటాలకి ఎదురుగా పెట్టి, వెనక్కి వెనక్కి ఇసుక మీదికి తెస్తారు. చుక్కాని పడవ అడుగుని దాటి చాలా కిందికి దిగి ఉంటుంది, లోతు తగ్గకముందే దాన్ని పీకాలి. ఆలస్యమైతే నేలకి తగిలి విరుగుతుంది. దీని బలహీనత కెరటం వెనకనుంచి తరిమినప్పుడు బయటపడుతుంది: లోతైన ముక్కు నీటిలో గుచ్చుకుని, తేలికైన వెనకభాగం పక్కకి తిరిగి, పడవ అడ్డం పడుతుంది. 1875లో ఇక్కడ లైఫ్‌బోట్ పెట్టడం ఊరికే జరగలేదు.

ఆవిరి ట్రాలర్లు సముద్రపు అడుగుని ఊడ్చడం మొదలెట్టాక గాలాల తాడుకి గిట్టుబాటు పోయింది. రైలు కూడా 1958లో ఆగింది. ఇప్పుడు మిగిలిన కొద్ది పడవలూ వేసేది పీతల, లాబ్‌స్టర్ల బుట్టలు. పీతకి తాజా చేప ఎర, లాబ్‌స్టర్‌కి ఉప్పు పట్టి వాసనొచ్చేది అని పాతవాళ్ల లెక్క. వీపుచిప్ప 87 మిల్లీమీటర్లకి తగ్గిన లాబ్‌స్టర్‌ని తిరిగి నీళ్లలో వదిలేయాలి. 2017 నుంచి గుడ్లతో ఉన్నదాన్నీ వదలాల్సిందే. ఉత్తరపు గాలి సూచన ఉంటే బుట్టలని లోతు నీళ్లలోకి జరుపుతారు. అశ్రద్ధ చేస్తే బుట్టలన్నీ ఒకదానికొకటి చుట్టుకుని, మర్నాడు రాళ్ల మీద ముక్కలై తేలతాయి.