టీటన్ క్రెస్ట్ ట్రైల్: రాత్రి మకాం ఎక్కడో ముందు తేలాలి

అమెరికాలో వయోమింగ్‌లోని గ్రాండ్ టీటన్ నేషనల్ పార్క్‌కి వెళ్ళేవాళ్ళలో చాలామంది జెన్నీ లేక్ దగ్గర ఫొటోలు దిగి, అటునుంచి అటే ఎల్లోస్టోన్‌కి బండి తిప్పేస్తారు. రోడ్డు మీంచి కనిపించే ఆ శిఖరాల వెనకగా, కొండల పైభాగంలోనే దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే కాలిబాట టీటన్ క్రెస్ట్ ట్రైల్. ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి 35 నుంచి 40 మైళ్ళు. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు సరైన లెక్క. రెండు రాత్రుల్లో ముగించేవాళ్ళూ ఉన్నారు గానీ, వాళ్ళకి దారి పొడుగునా కనిపించేది తమ బూట్లే.

ప్లాన్ వేసేటప్పుడు తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. మొత్తం మైళ్ళని రోజులకి సమానంగా పంచేసి, ఆ తర్వాత పర్మిట్ కోసం వెతుకుతారు. ఇక్కడ లెక్క తిరగేసి వేయాలి. ఏ రాత్రి ఎక్కడ పడుకోవడానికి అనుమతి దొరికిందో అదే ఆ రోజు ఎంత నడవాలో, ఏ కనుమ ఏ వేళకి దాటాలో, ఎన్ని లీటర్ల నీళ్ళు మోయాలో చెబుతుంది.

పార్క్‌లో ఇష్టమొచ్చిన చోట టెంట్ వేయనివ్వరు. దారిని క్యాంపింగ్ జోన్లుగా విడగొట్టారు. దక్షిణం నుంచి వరసగా మేరియన్ లేక్, డెత్ కాన్యన్ షెల్ఫ్, సౌత్ ఫోర్క్ కాస్కేడ్, నార్త్ ఫోర్క్ కాస్కేడ్, అప్పర్ పెయింట్‌బ్రష్, హోలీ లేక్, లోయర్ పెయింట్‌బ్రష్ వస్తాయి. ఏ తేదీ రాత్రి ఏ జోన్ అన్నది పర్మిట్ మీదే ఉంటుంది. ముందస్తు బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో జనవరిలో తెరుస్తారు. డెత్ కాన్యన్ షెల్ఫ్ లాంటి పేరున్న జోన్లు తెరిచిన కాసేపటికే బుక్ అయిపోతాయి. అయితే అన్ని చోట్లూ ముందుగా ఇచ్చేయరు. కొన్నిటిని బయల్దేరే ముందు రోజు నేరుగా వచ్చి అడిగేవాళ్ళ కోసం ఆపుతారు. దానికి మూస్‌లోని క్రేగ్ థామస్ విజిటర్ సెంటర్ దగ్గర తలుపులు తెరవకముందే వరసలో ఉండాలి. ఒకటే ప్లాన్ పట్టుకుని వెళ్తే ఉత్తచేతులతో వెనక్కి రావాల్సిందే. మూడు ప్లాన్లు కాగితం మీద రాసుకుని వెళ్తే ఏదో ఒకటి కుదురుతుంది.

ఆ మూడు ప్లాన్లలోనూ జోకర్ ముక్కలా పనికొచ్చేది అలాస్కా బేసిన్. డెత్ కాన్యన్ షెల్ఫ్ దాటాక మౌంట్ మీక్ పాస్ (పాస్ అంటే కనుమ) దగ్గర బాట పార్క్ సరిహద్దు దాటి జెడెడయా స్మిత్ వైల్డర్నెస్‌లోకి దిగుతుంది. అది నేషనల్ ఫారెస్ట్ భూమి, అక్కడ రాత్రి ఉండటానికి పర్మిట్ అక్కర్లేదు. చెరువులకి కనీసం 200 అడుగుల దూరంలో టెంట్ వేయాలి, మంట వేయకూడదు. షెల్ఫ్ దొరకలేదని ట్రిప్ మానుకునేవాళ్ళకి ఈ సంగతి తెలిసుండదు. నడక మొదలయ్యే ట్రామ్ (కొండ మీదకి తీసుకెళ్ళే రోప్‌వే) పైనుంచి అలాస్కా బేసిన్‌కి సుమారు 14 మైళ్ళు. నిండు బరువుతో మొదటి రోజుకి ఇది ఎక్కువే, కానీ తెల్లవారుజామునే సర్దుకుని మొదటి ట్రిప్పులోనే ట్రామ్ ఎక్కేవాళ్ళకి సాధ్యమే. మేరియన్ లేక్‌లో ఒక రాత్రి దొరికితే అదే దూరం రెండు రోజులకి హాయిగా పంచుకోవచ్చు.

ట్రామ్ టీటన్ విలేజ్‌లోని స్కీ రిసార్ట్‌ది. 4,139 అడుగులు పైకి లాగి 10,450 అడుగుల ఎత్తున దింపుతుంది. ఆ డబ్బు దండగనిపిస్తే గ్రానైట్ కాన్యన్ నుంచి నడిచే ఎక్కొచ్చు గానీ, నాలుగు రోజుల తిండి వీపు మీదున్న రోజున ఆ ఎక్కుడు తప్పించుకోవడమే తెలివి. ట్రామ్ దిగగానే ఇక కొండ ఎక్కేశాం అనుకోవద్దు. అక్కణ్ణుంచి బాట ముందు గ్రానైట్ కాన్యన్ వైపు బాగా దిగి, మళ్ళీ మేరియన్ లేక్‌కి ఎక్కుతుంది. మోకాళ్ళు మొదటి గంటలోనే పట్టేసేది ఇక్కడే. ట్రెకింగ్ కర్రల పొడవు దిగుడుకి తగ్గట్టు కాస్త పెంచుకుని, మొదటి రెండు మైళ్ళు మరీ నెమ్మదిగా దిగండి.

ఇక మంచు. ఈ ట్రైల్‌లో ఎక్కువమందిని వెనక్కి తిప్పేది ఎలుగుబంట్లు కాదు, పెయింట్‌బ్రష్ డివైడ్. దాదాపు 10,700 అడుగుల ఎత్తున్న కనుమ అది. చిక్కంతా అది ఉన్న తీరులోనే ఉంది. దక్షిణం నుంచి వస్తే లేక్ సాలిట్యూడ్ వైపు వాలు ఎండ బాగా తగిలేది, బాట పొడిగా ఉంటుంది, హుషారుగా ఎక్కేస్తారు. కనుమ మీద నిలబడి అవతలికి చూస్తే పెయింట్‌బ్రష్ కాన్యన్ వైపు నీడపట్టు వాలు, నిటారుగా మంచు కనిపిస్తుంది. జులై ఆఖరు దాకా, కొన్నేళ్ళు ఆగస్టులో కూడా అది కరగదు. మంచు ఉందని తెలిసేది దిగాల్సిన క్షణంలో, 30 మైళ్ళు నడిచి వచ్చాక. పొద్దున్నే అయితే ఆ మంచు గాజులా గట్టిగా ఉంటుంది, జారితే ఆగేది కింద రాళ్ళ మీదే. బూట్లకి తొడిగే ఇనప ముళ్ళ పట్టీలు, అంటే మైక్రోస్పైక్స్, ఒక్కటే చాలవు. ఐస్ యాక్స్ (మంచులో గుచ్చే చేతి గొడ్డలి) కావాలి, జారినప్పుడు దాంతో ఆపుకోవడం చేతికి వచ్చి ఉండాలి. వాడటం రాని ఐస్ యాక్స్ బ్యాగ్‌కి తగిలించిన అలంకారం తప్ప మరేమీ కాదు. పర్మిట్ ఇచ్చే రేంజర్‌ని మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: డివైడ్ మీద మంచు ఎలా ఉంది, యాక్స్ లేకుండా దాటుతున్నారా?

దాటడం లేదంటే ట్రిప్ పోయినట్టు కాదు. హరికేన్ పాస్ దిగాక సౌత్ ఫోర్క్, నార్త్ ఫోర్క్ కలిసే చోట నుంచి ఎడమకి లేక్ సాలిట్యూడ్ వైపు పోకుండా, కాస్కేడ్ కాన్యన్ గుండా సుమారు నాలుగున్నర మైళ్ళు దిగితే జెన్నీ లేక్ పడవ రేవు వస్తుంది. ఆఖరి పడవ వేళ ముందే కనుక్కోండి. అది తప్పితే చెరువు చుట్టూ ఇంకో రెండు మైళ్ళకి పైగా నడక.

హరికేన్ పాస్ 10,300 అడుగుల పైమాటే. దాని మీంచి మూడు టీటన్ శిఖరాలూ ఎదురుగా, కింద స్కూల్‌రూమ్ గ్లేసియర్, దాని పాదాన పాలు కలిపినట్టున్న నీలిరంగు మడుగు కనిపిస్తాయి. మంచుగడ్డ రాతిని పిండిలా నూరడం వల్ల వచ్చే రంగు అది. ఫిల్టర్‌కి ఆ నీళ్ళు మంచివి కావు, ఆ పొడి రంధ్రాలని పట్టేస్తుంది. నింపుకోవాలంటే ఇంకా కిందకి దిగి తేట వాగు చూసుకోండి.

నీళ్ళ విషయంలో ఇబ్బంది పెట్టేది డెత్ కాన్యన్ షెల్ఫ్. మూడు మైళ్ళ పొడవున, సుమారు 9,500 అడుగుల ఎత్తున, ఒక పక్క గోడలాంటి కొండ, మరో పక్క లోయ. జులైలో కరిగే మంచు వల్ల ఎక్కడికక్కడ నీళ్ళు పారుతుంటాయి, ఆగస్టు చివరికి వచ్చేసరికి కొన్ని ఊటలు మాత్రమే మిగులుతాయి. ఊట కనిపించినప్పుడల్లా నింపుకోవడం, మనిషికి మూడు లీటర్ల దాకా పట్టే సీసాలు ఉంచుకోవడం మంచిది. తేటగా ఉన్నాయని నేరుగా తాగితే జియార్డియా అనే పేగుల పరాన్నజీవి పట్టుకుంటుంది. బోలు గొట్టాల రకం ఫిల్టర్ ఒకసారి తడిసాక గడ్డకడితే లోపల చిట్లిపోతుంది. బయటికి ఏమీ తెలియదు, నీళ్ళు కూడా మామూలుగానే వస్తాయి, కానీ వడకట్టడం మాత్రం ఆగిపోతుంది. ఆ ఎత్తులో ఆగస్టులోనూ రాత్రి చలి సున్నాకి చేరవచ్చు. అందుకే ఫిల్టర్‌ని ఒక సంచీలో చుట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకోవాలి. స్లీపింగ్ బ్యాగ్ మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ దాకా హాయిగా ఉండేది తీసుకోండి. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె చాలాసార్లు తట్టుకునే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు.

ఇక్కడ నల్ల ఎలుగులూ గ్రిజ్లీలూ రెండూ తిరుగుతాయి. తిండి దాచడానికి బేర్ క్యానిస్టర్, అంటే ఎలుగు తెరవలేని గట్టి డబ్బా కావాలి. సొంతంగా లేనివాళ్ళకి పర్మిట్ ఇచ్చే చోటే అరువిస్తారు. మనిషికి రోజుకి 700 గ్రాముల తిండి వేసుకుంటే నాలుగు రోజులకి 2.8 కిలోలు. ఇద్దరిదీ ఒక్క డబ్బాలో పడుతుందనిపిస్తుంది, పట్టదు. తిండితో పాటు టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, లిప్‌బామ్, ఖాళీ రేపర్లు, వాసన వచ్చే ప్రతిదీ అందులోకే వెళ్ళాలి. ఇద్దరికి రెండు డబ్బాలు పెట్టుకోండి. గాలి నింపిన ప్యాకెట్లు ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఉబ్బుతాయి, ఇంట్లోనే విప్పి పల్చటి సంచుల్లోకి మార్చేయాలి. వంట చేసేది టెంట్‌కి వంద గజాల దూరంలో. రాత్రి డబ్బాని షెల్ఫ్ అంచున గానీ వాగు పక్కన గానీ వదలొద్దు. ఎలుగు దాన్ని తెరవలేదు, దొర్లించగలదు. దొర్లి లోయలో పడ్డ డబ్బాకి ఎలుగు తిన్న డబ్బాకి ఆకలి లెక్కలో తేడా ఏమీ లేదు.

బేర్ స్ప్రే, అంటే మీదకొచ్చే ఎలుగు మీద కొట్టే మిరప ఘాటు స్ప్రే, బ్యాగ్ లోపల ఉంటే లేనట్టే. భుజం పట్టీకో నడుం పట్టీకో తగిలించి, ఒక చేత్తో తీసి పిన్ను లాగడం నడక మొదలయ్యే ముందే నాలుగైదుసార్లు ప్రాక్టీస్ చేయాలి. విమానంలో స్ప్రేనీ గ్యాస్ డబ్బానీ చెక్-ఇన్ సామానులో కూడా ఒప్పుకోరు, రెండూ అక్కడికి చేరాకే కొనాలి. ఇక రోజూ ఎదురయ్యే దొంగలు మార్మోట్లు, అంటే బొద్దుగా ఉండే కొండ ఉడతలు. ఉప్పు రుచి కోసం చెమట పట్టిన బ్యాగ్ పట్టీలనీ కర్రల పిడులనీ కొరికేస్తాయి. రాత్రి అవన్నీ టెంట్‌లోకి లాక్కోండి.

మంట వేయడం ఈ దారిలో ఎక్కడా కుదరదు కాబట్టి వంటంతా గ్యాస్ స్టవ్ మీదే. 9,500 అడుగుల దగ్గర నీళ్ళు 90 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు బియ్యం, పప్పు గిన్నెలో ఉడికేసరికి గ్యాస్ అయిపోతుంది. వేడినీళ్ళు పోస్తే నానేవే తెచ్చుకోవాలి. ఇద్దరికి మూడు రాత్రులకి నీళ్ళు మరిగించడం వరకే అయినా 110 గ్రాముల డబ్బా బొటాబొటీ, షెల్ఫ్ మీద గాలి వీస్తే చాలదు. 230 గ్రాములది పెట్టుకోండి.

జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములు, మెరుపులు ఇక్కడ మామూలే. హరికేన్ పాస్, పెయింట్‌బ్రష్ డివైడ్ రెండూ దాక్కోవడానికి చెట్టన్నది లేని చోట్లు. మధ్యాహ్నం పన్నెండుకల్లా అవతలి వైపు దిగుతూ ఉండాలి. మళ్ళీ మకాం మాటే వచ్చింది చూడండి. నార్త్ ఫోర్క్ జోన్‌లో పడుకుంటే డివైడ్ నాలుగు మైళ్ళే, ఆరింటికి కదిలితే తొందర లేకుండా దాటొచ్చు. సౌత్ ఫోర్క్‌లో పడుకుంటే ముందు లోయలోకి దిగి మళ్ళీ మూడు వేల అడుగులు ఎక్కాలి, టార్చ్ వెలుగులోనే బయల్దేరాలి. లేక్ సాలిట్యూడ్ ఒడ్డున ఉండిపోదామంటే అక్కడ క్యాంపింగ్ నిషేధం.

ఆఖరి రోజు డివైడ్ నుంచి హోలీ లేక్ మీదుగా స్ట్రింగ్ లేక్ దాకా దాదాపు ఎనిమిది మైళ్ళ దిగుడు. బండి అక్కడ ఉండాలి, టీటన్ విలేజ్‌లో కాదు. ఈ రెండిటి మధ్యా తిరిగే పార్క్ బస్సు లేదు. కాబట్టి ముందు రోజే బండిని స్ట్రింగ్ లేక్‌లో వదిలి, టాక్సీలో ట్రామ్ దగ్గరకి వెళ్ళండి. దిగొచ్చాక సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి పార్కింగ్‌లో తిరగాల్సిన పని తప్పుతుంది. తినుబండారాలేవీ బండిలో పైకి కనిపించేలా వదలొద్దు, తాళం చెవి మాత్రం బ్యాగ్ లోపల జిప్ ఉన్న అరలో ఉండాలి, పై జేబులో కాదు.