రేపు లీవా, టేకాఫా?

అమీర్‌పేటలో నా ఇంగ్లీషు క్లాసు సాయంత్రం బ్యాచ్‌కి వచ్చేవాళ్ళలో సాఫ్ట్‌వేర్ పిల్లలే ఎక్కువ. లీవు కావాలంటే ఆఫీసు గ్రూపులో వీళ్ళంతా పెట్టే మెసేజ్ ఒకటే: "ఐ యామ్ టేకింగ్ ఆఫ్ టుమారో." ఇక్కడి టీముకి అది ఇట్టే అర్థమైపోతుంది, "రేపు ఆఫ్ తీసుకుంటున్నా" అనడం మనకి అలవాటే కాబట్టి. డల్లాస్‌లో కూర్చున్న మేనేజర్ మాత్రం "రేపు ఎక్కడికో బయల్దేరుతున్నాడు" అని కూడా చదువుకోవచ్చు. సెలవు అర్థంలో అలా అనేవాళ్ళు అమెరికాలోనూ లేకపోలేదు. కానీ లీవు దగ్గర రెండర్థాలెందుకు? "ఐ యామ్ టేకింగ్ టుమారో ఆఫ్" అంటే గొడవే లేదు.

"ఒక్క మాట అటూ ఇటూ అయితే ఏమవుతుంది మేడం?" అన్నాడొకడు. ఇంగ్లీషులో అవుతుంది మరి! టేక్ ఆఫ్‌కి మధ్యలోనో పక్కనో ఏం పెట్టాం, అసలు ఏమైనా పెట్టామా అన్నదే ముందు చూడాలి. డిక్షనరీలో ఉన్న అర్థాలన్నీ బట్టీ పట్టడం దండగ.

ఏమీ పెట్టకపోతే బయల్దేరడం: విమానమైనా, పార్టీ మధ్యలో జారుకునే మనిషైనా. కొత్తగా పెట్టిన కర్రీ పాయింట్ ఉన్నట్టుండి ఊపందుకున్నా "ఇట్ టుక్ ఆఫ్" అనే అంటారు. డబ్బు పెడితే తగ్గింపు. కోఠిలో "ఒక రెండొందలు తగ్గించన్నా" అంటామే, అది "టేక్ టూ హండ్రెడ్ ఆఫ్".

ఒంటి మీద వస్తువు పెడితే తీసెయ్యడం. మనకి చెప్పులు విప్పడం వేరు, కళ్ళజోడు తీయడం వేరు. ఇంగ్లీషువాడు రెండింటికీ ఇదొక్కటే వాడతాడు. మావాళ్ళేమో అన్నిటికీ "రిమూవ్". తప్పు కాదుగానీ, ఇంట్లో మనిషితో గుడి బయటి బోర్డులా మాట్లాడినట్టుంటుంది. "టేక్ ఆఫ్ యువర్ షూస్", "టేక్ యువర్ షూస్ ఆఫ్" రెండూ సరే. షూస్ బదులు 'దెమ్' వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: "టేక్ దెమ్ ఆఫ్". "టేక్ ఆఫ్ దెమ్" అనకూడదు. క్లాసులో నేను ఎక్కువగా దిద్దేది ఇదే.

బ్రిటన్‌లో ఒకరి గొంతూ నడకా అనుకరించి నవ్వించడాన్ని కూడా టేక్ ఆఫ్ అంటారు. మన మిమిక్రీ అన్నమాట.

పలకడంలోనూ తేడా ఉంది. క్రియగా వాడితే ఒత్తు 'ఆఫ్' మీద, విమానం టేకాఫ్ అని నామవాచకంగా అంటే 'టేక్' మీద. మనం రెంటినీ ఒకేలా లాగించేస్తాం.

గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే కుర్రాడొకడున్నాడు. తెలుగు మీడియం. ఎకనామిక్స్‌లో "ప్లవన దశ", అంటే దేశ ఆర్థిక వ్యవస్థ ఊపందుకునే దశ, గడగడా అప్పజెప్తాడు. అది అమెరికన్ ఆర్థికవేత్త రోస్టోవ్ చెప్పిన టేకాఫే అనగానే ఎగిరి కూర్చున్నాడు. ఇండియా ప్లవన దశ 1952లో మొదలైందని రోస్టోవ్ లెక్క. "అప్పుడేం ఎగిరాం మేడం, మా తాత గంజి తాగి బతికాడు" అన్నాడు. ఆ గొడవేదో మెయిన్స్‌లో తేల్చుకో, ముందు వాక్యం రాయి అన్నాను. "ఇండియా టుక్ ఆఫ్ ఇన్ 1952" అని రాసి, చివర్లో క్వశ్చన్ మార్కు పెట్టాడు.